గంట మోగేదాకా

ఆశన్న గొంతుక్కూర్చుని కొడవలితో గడ్డి కోస్తున్నాడు. ఎడమచేతి నాలుగు వేళ్లు అడ్డంగా నేలకు ఆనించి ఎత్తు కొలుచుకుంటాడు. అంతకంటే ఒక్క పోచ పైకున్నా దొర ఊరుకోడు. కొలవడం, కోయడం, కూర్చున్నచోటు నుంచే జానెడు ముందుకు జరగడం. ఏళ్ల తరబడి అలా జరిగిన మోకాళ్లు ఇప్పుడు పూర్తిగా చాపుకోవు. లేచి నిలబడినా సగం వంగే ఉంటాడు. మెడ వెనక తోలు ఎండకు కాలి పగుళ్లు బారింది. గోళ్ల సందున పచ్చటి మరక ఎంత కడిగినా పోదు. యాభై దాటని మనిషి, చూస్తే డెబ్బై ఏళ్లవాడనుకుంటారు.

ఆ గడ్డి ఈ నేలది కాదు. పదేళ్ల కిందట దొర ఓడెక్కి ఇంగ్లండు పోయి వచ్చాడు. అక్కడి పాతకాలపు జమీందారుల మహళ్లను, వాటి తోటలను జనం టిక్కెట్టు కొని మరీ చూస్తారట. దొర పద్నాలుగు మహళ్లు చూశాడు. వస్తూ వస్తూ సంచీడు గడ్డివిత్తనం, పుస్తకం నిండా ఫొటోలు, ఒక నియమం తెచ్చాడు. గొప్పింటి తోటను అతిథులు చూస్తున్నప్పుడు తోటమాలి వాళ్ల కంటపడకూడదు. మొక్కలు వాటంతట అవే పెరిగినట్టు ఉండాలి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాట పక్కన, వానాకాలం దాటితే పచ్చనిదేదీ మిగలని చోట ఆ తోట లేచింది. తెచ్చిన విత్తనంలో సగం మొలవలేదు గానీ నియమం మాత్రం బాగానే నాటుకుంది.

దొర ఉండే గడి వాకిట్లో రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. అదే గంట. కావలి సిద్ధిరాములు దాన్ని ఒకసారి మోగిస్తే ఆశన్న గోరింట కంచె వెనకున్న ఎరువు కొట్టంలో దూరాలి. మళ్లీ మోగిస్తే బయటికి రావాలి. కొట్టం వెనక రెండు నిలువుల గోడ, దాని మీద గాజుపెంకులు. ముందు పచ్చిక. వేరే దారి లేదు. నిరుడు ఒకసారి మోటారు పోయిన చప్పుడు విని, రెండో గంట మోగకముందే బయటికి వచ్చాడు. ఇద్దరు అతిథులు ఇంకా గులాబీల దగ్గరే ఉన్నారు. ఆ సాయంత్రం వీపు మీద బండరాయి మోస్తూ పొద్దుగూకేదాకా వంగి నిలబడ్డాడు. అప్పటినుంచి మోటారు చప్పుడును నమ్మడు.

ఈ పొద్దు అతని మనసు గడ్డి మీద లేదు. భార్య ముత్తవ్వకు అయిదు రోజులుగా జ్వరం. ఊరి బావి అడుగంటి బురద ఊరుతోంది, ఆ నీళ్లు తాగితే వాంతి చేసుకుంటోంది. తియ్యటి నీళ్లున్నది ఒక్క తోట బావిలోనే, అవన్నీ గడ్డి తాగుతుంది. పొద్దున గుడిసెలోంచి బయల్దేరుతుంటే ముత్తవ్వ అతని పంచె అంచు పట్టుకుంది.

"నోరు ఎండుకపోతుంది. తోట బాయి నీళ్లు జరన్ని తేరాదూ?"

"పగటీలికి గడ్డి కోసుడు అయితది. ముంతల నింపుకొని ఉరికొస్త."

"జల్ది రా. నువ్వొచ్చినంకనే తాగుత."

పని మొదలుపెట్టకముందే మట్టి ముంత నిండా నీళ్లు తోడి, మీద మోదుగాకు కప్పి కొట్టం నీడలో పెట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంకో రెండు బారల గడ్డి మిగిలింది. అంతలో గంట మోగింది.

హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి, ఆయన వెంట ఒక దొరసాని. కామారెడ్డి టేషన్లో రైలు దిగి మోటారులో వచ్చారు. ఆశన్న కొడవలి పట్టుకుని కొట్టంలోకి పాకాడు. రేకుల కప్పు కింద నిలబడితే తల తగులుతుంది. ఎరువు ఉడుకుతున్న వాసన. ముంతను రెండు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపులే, ఒక చుట్టు తిరిగి పోతారు అనుకున్నాడు.

వాళ్లు గులాబీల దగ్గర నిలబడ్డారు. నీడలో కుర్చీలు వేయించుకుని చాయ తాగారు. ఆశన్నకు వాళ్ల కాళ్లు కంచె కిందనుంచి కనబడుతున్నాయి.

"ఇంత పెద్ద తోట, ఒక్క మనిషీ కనబడడే!" అని అధికారి ఉర్దూలో ఆశ్చర్యపోయాడు.

"అక్కడా ఇట్లాగే ఉంటుంది," అన్నాడు దొర.

ఆశన్నకు ఆ కాస్త ఉర్దూ తెలుసు. ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ అవతలనుంచి పక్క గుడిసె యాదవ్వ గొంతు వినబడింది. "ఆశన్నా! ముత్తవ్వ కండ్లు తేలేస్తుంది. జర రారాదే!"

"గంట గొట్టలే," అన్నాడు ఆశన్న, గొంతు పైకి రాకుండా.

"నీళ్లు నీళ్లు అంటుంది గని నిన్నే అడుగుతుంది. దునికి రా!"

గోడ వైపు చూశాడు, పచ్చిక వైపు చూశాడు. పచ్చిక దాటితే కూతవేటు దూరంలో గుడిసె. లేవబోయాడు. వీపు మీద రాయి పెట్టిన చోటు సలిపింది. మళ్లీ కూర్చున్నాడు. గోడ అవతల యాదవ్వ ఏడుపు దూరమైంది.

కొట్టం గుంజకు ఒక ఫొటో వేలాడుతోంది. దీన్ని చూసి తోట వేయమని దొర ఇచ్చినదే. పెద్ద మహలు, దాని ముందు గడ్డి, గుండ్రటి పూలమళ్లు. ఒక మూలన, మడి పక్కన, గంప పట్టుకుని వంగి ఉన్న మనిషి ఉన్నాడు, వేలి గోరంత. దొర ఎన్నడూ గమనించలేదు. ఆశన్న మొదటి ఏడే చూశాడు. ముత్తవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. "వానికి పెండ్లాం ఉన్నదో లేదో పాపం," అంది ముత్తవ్వ అప్పుడు. ఆ మనిషిని ఎవరూ దాచలేదు. ఎండలో, అందరి ఎదుట, తన పని తాను చేసుకుంటున్నాడు. ఆశన్న అతన్ని చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

మోటారు చప్పుడైంది. దూరమైంది. ఆశన్న ముంత చేతిలోకి తీసుకుని గంట కోసం చెవులు రిక్కించాడు. గంట మోగలేదు. ఇంకా ఎవరో ఉన్నారన్నమాట. గొంతు ఎండి నాలుక అంగిటికి అంటుకుంటోంది. ముంతలోంచి ఒక్క చుక్క తాగలేదు. కంచె నీడ పచ్చిక మీద పొడుగై, అవతలి గోడ ఎక్కింది. అప్పటికీ మోగలేదు.

పొద్దు వాలాక, పచ్చికకు నీళ్లు పట్టలేదేమని చూడవచ్చిన సిద్ధిరాములు కొట్టంలోకి తొంగిచూశాడు.

"ఇంక ఈడనే ఉన్నవేందే? వాళ్లు ఎప్పుడో పాయిరి గద!"

"గంట గొట్టలే."

సిద్ధిరాములు నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "వాళ్ల సామాన్లు మోటర్ల పెట్టే తొందరల యాది మరిచిన, అన్నా."

ఆశన్న బయటికి పాకాడు. ముంత గుండెకు ఆనించుకుని నడిచాడు. అప్పుడు కూడా గడ్డి తొక్కలేదు. అంచు వెంట, ఇసుక బాట మీద, చుట్టూ తిరిగి వెళ్లాడు. అంతగా పాడైపోయాడు మనిషి.

గుడిసె ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. యాదవ్వ అతన్ని చూసి పక్కకు తప్పుకుంది. ముత్తవ్వ ముఖం మీదికి కొంగు లాగి ఉంది.

"మోటరు చప్పుడు ఇని, ఇగ వస్తడు అన్నది," చెప్పింది యాదవ్వ. "అటెంక శానసేపు తొవ్వ జూసింది."

ఆశన్న ముంతను గడప పక్కన దించి, ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. కుడిచేతిలో కొడవలి ఇంకా అలాగే ఉంది. ఎవరో వచ్చి మెల్లగా వేళ్లు విడదీసి తీసుకున్నారు.

మర్నాడు ముత్తవ్వను కాటికి తీసుకుపోయారు. ఆ మర్నాడు తెల్లవారకముందే ఆశన్న తోటకు పోయాడు, రెండు రోజులుగా నీళ్లు లేక గడ్డి ఎండుతోందని కబురొస్తే. గడప పక్కన ముంత పెట్టింది పెట్టినట్టే ఉంది. మోదుగాకు ఎండి అంచులు ముడుచుకుంది. దాని కింద నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.