సలోమి సిస్టరు మణికట్టు

ఎర్రటి సెకన్ల ముల్లు తప్ప నాలో చెప్పుకోదగ్గ అందమేమీ లేదు. నేనొక చేతి గడియారాన్ని. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి నా ముఖం సరిగ్గా చూడలేదు. ఒంగోలు బజారులో నన్ను అమ్మినవాడి చూపంతా ఫోను మీదే. నన్ను కళ్ళు పెట్టి చూసిన మనిషి సలోమి సిస్టరు ఒక్కతే. అదీ ప్రేమతో కాదు లెండి, రోగుల నాడి లెక్కపెట్టుకోవడానికి.

పద్నాలుగేళ్ళు ఇద్దరం ఐసీయూలో ఉన్నాం. అక్కడ రోగులు మాట్లాడరు, మిషన్లు మాట్లాడతాయి. వాటి కూతలన్నీ సలోమికి కంఠతా వచ్చు. చివరికి ఒకే నెలలో ఆరుగురు ఆమె కళ్ళముందే పోయారు. ఆరో మనిషి ముఖం మీద గుడ్డ కప్పి వచ్చి, మేట్రన్ దగ్గర నిలబడింది.

"ఇక నావల్ల కాదు మేడం. ఎక్కడికైనా వెయ్యండి."

బాలింతల వార్డుకు వేశారు. అదృష్టవంతురాలివే అన్నారు అందరూ. అనడానికేం, నోరుంది!

బాలింతల వార్డంటే తిరునాళ్ళే. మంచానికి నలుగురు చుట్టాలు, ఫ్లాస్కులు, కారియర్లు, పసిపిల్లల ఏడుపులు. అంతమందిలో సలోమికి మాట్లాడే మనిషి లేదు. పాత సిస్టర్లు "ఐసీయూ మేడం వచ్చింది" అని మూతులు తిప్పుకునేవారు. బాలింతల తల్లులేమో ముందుగా ఒకటే అడిగేవారు, "నీకెంతమంది పిల్లలమ్మా?" అని. లేరంటే చాలు, బిడ్డను కాస్త తమవైపుకు లాక్కునేవారు. అప్పుడు ఆమె నాడి ఎంత వేగంగా కొట్టుకునేదో నాకు తెలుసు. మధ్యాహ్నం స్టోరురూములో ఒక్కతే కూర్చుని, నా వంక చూస్తూ అన్నం తినేది.

మూడోవారంలో శివలీల అనే పిల్లకు తొలికాన్పయింది. సలోమి చూడటానికి వెళ్ళేసరికే ఆ పిల్ల తల్లి తిరపతమ్మ, పాత చీరముక్కతో కూతురి పొట్టను బిర్రుగా కట్టేసింది.

"కట్టు విప్పమ్మా, పొట్ట చూడాలి."

"అమ్మో! విప్పితే గాలి చేరుద్ది. పొట్ట జారిపోద్ది. నీకు పిల్లల్లేరంటివి గదా, నీకేం తెలుసుద్ది తల్లీ!"

సలోమి కట్టు జోలికి పోలేదు. శివలీల చెయ్యి పట్టుకుని నన్ను చూసింది. తొంభై. బీపీ కూడా బాగుంది. రాసేసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయింది. నేను అబద్ధం చెప్పలేదు, నిజంగా తొంభయ్యే. ఆమెకు అంకె చాలింది.

అరగంటకు శివలీల సన్నగా పిలిచింది. "సిస్టరమ్మా, చలేస్తంది. కళ్ళు తిరుగుతున్నయ్."

ఈసారి నూటముప్పై. సలోమి దుప్పటి లాగి చూసింది. పరుపంతా నెత్తురు. ఓరి దేవుడో!

తిరపతమ్మ ఎంత లాగినా ముడి రాలేదు. సలోమి నన్ను లాగి కిటికీలో పడేసి, కత్తెరతో కట్టు కోసింది. కాన్పయ్యాక గర్భసంచి గట్టి బంతిలా తగలాలి, అప్పుడే నెత్తురు ఆగుతుంది. అది నానిన పిండిలా ఉంది. "డాక్టరమ్మను పిలవండి!" అని అరుస్తూ అరచేత్తో పొట్టను పిసకసాగింది. సెలైన్లు, ఇంజెక్షన్లు, పరుగులు. నేను కిటికీలో వెల్లకిలా పడి కప్పును చూస్తున్నాను. పంతొమ్మిది నిమిషాలు. ఎవరూ నన్నడగలేదు.

"గట్టిపడింది మేడం," అంది సలోమి.

శివలీల బతికింది. డాక్టరమ్మ నిలదీస్తే సలోమి ఎవరిమీదా నెట్టలేదు. "అంకెలు చూసి వదిలేశాను మేడం. పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు."

తిరపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "వద్దంది నేనే గదమ్మా."

"నువ్వు వద్దంటావు. విప్పాల్సింది నేను," అని ఆమె చెయ్యి పట్టుకుని కూతురి పొట్ట మీద పెట్టించింది సలోమి. "ఇట్లా గట్టిగా ఉండాలి. మెత్తబడితే నన్ను కేకెయ్యి."

ఆ తర్వాత ఆమె నన్ను పెట్టుకోలేదు. నాడికి గోడగడియారం చాలు. మంచం మంచానికీ మోచేతుల దాకా కడుక్కునే మనిషికి నేను అడ్డమట. ఇప్పుడు నా కాపురం టేబులు సొరుగులో, పగిలిన థర్మామీటర్ల పక్కన. వార్డులో ఆమె ఒంటరితనం ఏమైనా తగ్గిందో లేదో ఇక్కడికి తెలియదు. పెన్ను కోసం సొరుగు తీసినప్పుడల్లా ఆమె మణికట్టు మాత్రం చూస్తాను. పద్నాలుగేళ్ళు నేనున్నచోట తెల్లటి గీత ఒకటి ఉండేది. ఈమధ్య అదీ నల్లబడి, చేతిలో కలిసిపోయింది.