నత్తలున్న హాలు

పొద్దున్న వంటింట్లోంచి హాల్లోకి అడుగుపెట్టాలంటేనే నీళ్ళ మేడానికి చిరాకు. చెప్పులు హాల్లో, బ్యాగు హాల్లో, వీధి గుమ్మం హాలుకి ఆ చివర. చెప్పులు తొడుక్కుని, డబ్బా బ్యాగులో సర్దుకుని బయటపడేసరికి తన లెక్కన నాలుగు నిమిషాలు. వంటింటి గడియారం లెక్కన ఆరు. ఆ రెండు నిమిషాల్లోనే బస్సు వెళ్ళిపోయేది.

కారణం నత్తలు. కిటికీ పక్కనున్న అక్వేరియంలో నత్తలు పెరిగిన కొద్దీ హాల్లో కాలం నెమ్మదిస్తుంది. పాతిక ముప్ఫై ఉన్నంతవరకూ తెలియదు. వంద దాటాయంటే, మధ్యాహ్నం సోఫాలో కాసేపు నడుం వాల్చి లేచేసరికి బయట పొద్దు వాలిపోయి ఉంటుంది. అక్వేరియం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ కాబట్టి దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. కుళాయి కారితే వాషర్ మారుస్తారు, నత్తలు పెరిగితే ఏరి పారేస్తారు.

ఆవిడా ఏరుతూనే ఉండేది. ప్రతి ఆదివారం కీరా ముక్కొకటి తొట్టి అడుక్కి వదిలి, దాని మీద నత్తలు గుమిగూడగానే బయటికి తీసి బకెట్లో దులిపేది. మళ్ళీ ఆదివారానికి ఎప్పటిలాగే వందల నత్తలు, గాజు నిండా జిగురు జిగురుగా గుడ్లు. పైగా నీళ్ళు తెల్లగా విరిగినట్టు అయ్యేవి, వాసన కొట్టేవి. చేపలు నాలుగూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గుటకలు వేసేవి. ఆవిడ ఉద్యోగం వాటర్ వర్క్స్ లాబొరేటరీలో. ఆవిడ సంతకం పెడితే గానీ ఊళ్ళో కుళాయిల్లోకి నీళ్ళు వదలరు. వీధిలో ఆ పేరు వచ్చింది అందుకే. ఊరందరి నీళ్ళకీ పూచీ ఇచ్చే మనిషి ఇంట్లో నీళ్ళు ఇలా ఉంటే ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?

తొట్టి తెచ్చింది భర్త. రెండు వారాలు ముచ్చటపడి, మూడో వారం అది ఇంట్లో ఉందన్న సంగతే మర్చిపోయాడు. ఏమన్నా అంటే, "నీళ్ళ సంగతి నాకేం తెలుసు? నువ్వున్నావుగా" అని టైర్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్ళిపోయేవాడు.

ఇది చాలదన్నట్టు అత్తయ్య గుండె. వాల్వు పాడైంది, మార్చాలన్నారు. "ఈ గుండె తొంభై రోజులు లాగుతుంది. ఆ పైన నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఆపరేషన్ల వరుసలో ఆవిడ వంతు రావడానికి నూటయాభై రోజులుంది. తేదీ ముందుకి జరపమని నీళ్ళ మేడం కాళ్ళరిగేలా తిరిగింది, బతిమాలింది, ఒకసారి కౌంటరు మీద చెయ్యి చరిచి అరిచింది కూడా. కౌంటర్లో అమ్మాయి ప్రతిసారీ ఓపిగ్గా కంప్యూటర్లో చూసి ప్రతిసారీ అదే తేదీ చెప్పింది.

ఆ వారమే మామయ్య అత్తయ్య మంచాన్ని లోపలి గదిలోంచి హాల్లోకి లాగించాడు. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. గాలి బాగా ఆడుతుందన్నాడు. రోజుకో కాగితం చింపే క్యాలెండరొకటి తెచ్చి మంచం పక్కన మేకుకి తగిలించాడు. నీళ్ళ మేడం పట్టించుకోలేదు. అప్పటికే ఆఫీసులో ఆలస్యానికి రెండు మెమోలు పడి ఉన్నాయి.

"నత్తలు ఎవరింట్లో లేవమ్మా? కాస్త ముందు బయల్దేరాలి" అన్నాడు ఆఫీసరు. మూడో మెమో పడితే సీనియర్ కెమిస్టు పోస్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒకరోజు చేపల మేత డబ్బా తీసి చూస్తే ఖాళీ. మూడు నెలలు రావాల్సింది మూడు వారాలు రాలేదు.

"మామయ్యా, మేత ఎంతేస్తున్నారు?"

"చిటికెడేనమ్మాయ్."

"మరి అడుగున ఆ పాలకూరేంటి?"

మంచం మీద అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకా తవ్వితే ఇంకో సంగతి బయటపడింది. ఫిల్టరులో స్పాంజిని ఆయన రోజూ కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికేస్తున్నాడట, శుభ్రంగా ఉంటుందని. నీళ్ళని బాగుచేసే సూక్ష్మజీవులు బతికేది ఆ స్పాంజిలోనే. వాటిని రోజూ క్లోరిన్ నీళ్ళతో చంపేసి, పైనుంచి పాలకూర. నీళ్ళలో అమ్మోనియా విషం పెరగదూ మరి? నీళ్ళ మేడం నెత్తీ నోరూ కొట్టుకుంది.

ఆ ఆదివారం ఆవిడ కీరా ముక్క తేలేదు. అక్వేరియాల షాపు నుంచి చిన్న నీలం సీసా తెచ్చింది. అందులోది రాగి మందు, పది చుక్కలేస్తే సాయంత్రానికి ఒక్క నత్త మిగలదు. చేపల్ని బకెట్లోకి మార్చి, మూత తిప్పి, సీసా వంచబోతుంటే మామయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పదేళ్ళ కాపురంలో ఆయన ఆవిడతో గట్టిగా మాట్లాడింది కూడా లేదు.

"వద్దమ్మాయ్."

"ఏంటి వద్దు? నా ఉద్యోగం పోతే మీకు బాగుంటుందా?"

"నీ ఉద్యోగం గురించి ఆలోచించే ఇన్నాళ్ళూ చెప్పలేదు." ఆయన క్యాలెండరు చూపించాడు. "మనం ఆస్పత్రికి వెళ్ళొచ్చి వంటింట్లో ముప్ఫై అయిదు రోజులైంది. ఇక్కడ ముప్ఫై. తెల్లారిందని ఈ హాలు గడియారం చెప్తేనే చింపుతున్నాను. డాక్టరు తొంభై రోజులన్నాడు గానీ, ఏ గదిలో తొంభయ్యో చెప్పలేదు కదా."

నీళ్ళ మేడం సీసా దించి క్యాలెండరు వైపు తిరిగింది.

"నేను పెంచుతున్నాను, నువ్వు ఏరేస్తున్నావు. ఇంతవరకూ కలిసొచ్చింది అయిదు రోజులే" అన్నాడు మామయ్య.

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదా మామయ్యా!"

"నేనే వద్దన్నాను" అంది అత్తయ్య మంచం మీంచి. "రోజూ పరుగులు పెడుతున్నావు. నా గుండె కోసం నీకింకో మెమో ఎందుకని."

ఆవిడకి ముందు వాళ్ళిద్దరి మీదా పట్టలేనంత కోపం వచ్చింది. తర్వాత కోపమంతా తన మీదకే తిరిగింది. అయిదు ఆదివారాలు, అయిదు బకెట్లు. ఒక్కో బకెట్లో అత్తయ్య రోజులు ఎన్ని పోయాయో! పొద్దస్తమానం నీళ్ళు కొలిచే మనిషికి ఇంత చిన్న లెక్క తట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపయ్యాక సీసా మూత బిగించి లేచింది.

"ఇలా మేపితే నత్తలు కూడా చస్తాయి మామయ్యా. ఈ నీళ్ళు ఇంకో వారం ఇలాగే ఉంటే తొట్టి మొత్తం ఒక్కపూటలో పోతుంది. ఇకనుంచి నేను చెప్పినట్టు చెయ్యండి."

రోజూ పావు వంతు నీళ్ళు తీసెయ్యాలి. బదులుగా, క్లోరిన్ పోయేలా ముందురోజే బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళే పొయ్యాలి. తొట్టిలోంచి తోడిన ఆ పాత నీళ్ళలోనే స్పాంజి పిండాలి, కుళాయి జోలికి వెళ్ళకూడదు. తినగా మిగిలిన ఆకు తీసెయ్యాలి. గుల్లలు గట్టిపడటానికి గుడ్డు పెంకుల పొడి. రెండు వారాల్లో అమ్మోనియా తగ్గింది, నీళ్ళు తేటబడ్డాయి, నత్తలు నాలుగు వందలు దాటాయి. హాల్లో పది నిమిషాలు గడిస్తే వంటింట్లో ఇరవై. ఆవిడ చెప్పులూ బ్యాగూ వంటింట్లోకి మార్చి పెరటి గుమ్మంలోంచి వెళ్ళడం మొదలుపెట్టింది. అయినా రోజూ తొట్టి దగ్గర అరగంట పని తప్పదు, అంటే బయట గంట. నత్తల మీద ఆవిడకి ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకునేరు. పొద్దున్నే వాటిని తిట్టకుండా ఒక్కరోజు కూడా మేత వెయ్యలేదు.

ఒకరోజు ఎక్కడో పైపు పగిలిందని ఊరి నీళ్ళలో క్లోరిన్ రెట్టింపు చేశారు. కాగితం మీద సంతకం ఆవిడదే. పెట్టిన కాసేపటికి మామయ్య ఫోను. "బకెట్ ఒలికిపోయిందమ్మాయ్. ఇవాళ్టికి కుళాయి నీళ్ళు పోస్తాలే" అని ఆవిడ మాట వినకుండానే పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తడు. ఎలా ఎత్తుతాడు? నత్తల హాల్లో ఉన్న మనిషి లేచి వచ్చేలోపు ఫోను మోగడం ఆగిపోతుంది. ఆఫీసరుకి చెప్పకుండానే ఆటో ఎక్కింది. దారంతా డ్రైవరు మీద అరుస్తూనే ఉంది. ఇంటికి చేరడానికి అరగంట పట్టింది. హాల్లో ఆయనకి గడిచింది పావుగంటే. ఆవిడ గుమ్మంలోంచి చూసేసరికి మామయ్య పాత నీళ్ళు తోడెయ్యడం పూర్తిచేసి, నిండు బకెట్ మెల్లమెల్లగా తొట్టి మీదకి ఎత్తుతున్నాడు.

"మామయ్యా, దించండి!"

మర్నాడు మూడో మెమో వచ్చింది. సీనియర్ పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. ఆవిడ ఆ మెమోని నాలుగు మడతలు పెట్టి, ఎప్పుడూ ఊగే అక్వేరియం స్టాండు కాలి కింద దూర్చింది. స్టాండు ఊగడం మానేసింది.

ఆపరేషన్ తేదీ రానే వచ్చింది. వంటింటి లెక్క నూటయాభై. హాల్లో క్యాలెండరు నుంచి చిరిగింది ఎనభై ఆరు కాగితాలు. బయల్దేరేముందు మామయ్య తొంభైకి మిగిలిన నాలుగూ చింపి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

డాక్టరు పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అయిదు నెలలైనట్టు లేదే. ఇంట్లో నత్తలున్నాయా?"

"ఉన్నాయండీ. ఆరొందల దాకా."

"మంచిది. నీళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి మరి" అన్నాడు డాక్టరు.

నీళ్ళ మేడానికి ఒళ్ళు మండింది. కానీ కత్తి పట్టుకునే మనిషితో గొడవెందుకని ఊరుకుంది.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. బయట బెంచీ మీద మామయ్య చొక్కా జేబు తడుముకుంటూ కూర్చున్నాడు. డాక్టరు వచ్చి, "అయిపోయింది, బాగానే ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాక, జేబులోంచి ఆ నాలుగు కాగితాలూ తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని రెండుసార్లు చూసుకుని బ్యాగులో దాచుకుంది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య కళ్ళు తెరిచింది. పక్కన కూర్చున్న కోడల్ని చూసి, ఎదురుగా గోడ గడియారం చూసింది. తొమ్మిది దాటింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మాయ్?" అంది నీరసంగా. "ఆఫీసుకి ఆలస్యమైపోదూ?"

"అయితే అయింది లెండి అత్తయ్యా" అంది నీళ్ళ మేడం, స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని.