ఇంటి మాటలో ఒక ప్రార్థన

చర్చిలో ప్రభు భోజనం బల్ల మీద పరిచే తెల్లగుడ్డకి గంజి పెడుతుంటే మా ఆయన వెనక నుంచి వచ్చి, "రేపు నువ్వు ముందుకి రావద్దు అముదా. ప్రార్థనలు నేనే చదువుతాను" అన్నాడు. కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. నా చేతులు గంజిలోనే ఉండిపోయాయి.

ఆ గుడ్డ ఉతకడం, గంజి పెట్టడం, ముడత లేకుండా ఇస్త్రీ చేయడం పాస్టరు పెళ్ళాం పని. ఎవరూ నియమించరు, ఎవరూ జీతమివ్వరు. పెళ్ళయిన వారానికే మా అత్త మూక్కమ్మాళ్ ఆ మూట నా చేతిలో పెట్టి, "ఇది దేవుడి పని, విసుక్కోకూడదు" అంది. చర్చి ఊడవడం దేవుడి పనే. పండగలకి ఊరందరికీ సాంబారు కాచడం దేవుడి పనే. మైకు పట్టుకోవడం మాత్రం మా ఆయన పని.

తమిళనాడు రాజపాళయంలో మా వీధి వాళ్ళం ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం. బిడ్డని జోకొట్టేదీ, శవం మీద పడి ఏడ్చేదీ తెలుగులోనే. చర్చి గడప దాటితే మాత్రం నాలుక మార్చుకుంటాం. ఊళ్ళో మిల్లులున్న పెద్దిళ్ళల్లోనూ తెలుగే మాట్లాడతారు. వాళ్ళ నోట అది గౌరవం, మా నోట గుట్టు. మేం తెలుగులో నోరు విప్పితే ఏ వీధి వాళ్ళమో, ఏ కులమో ఎదుటి మనిషికి తెలిసిపోతుందని మా మగవాళ్ళ భయం.

మదురైలో ఒక ట్రస్టు ఉంది. ఆరాధన పాత పాటలాగా అరిగిపోకుండా కొత్తగా ఏదైనా చేసే చర్చిలకి డబ్బు సాయం చేస్తుంది. మా ఆయన జెబరాజ్ మొదట పెద్ద స్పీకర్లూ కీబోర్డూ అడిగాడు. "సామాన్లకి ఇవ్వం. మీ మనుషుల కోసం ఏం చేస్తారో చెప్పండి" అని వాళ్ళు తిప్పి పంపారు. వారం పాటు ఇంట్లో మూతి ముడుచుకుని తిరిగాడు. కూరలో ఉప్పు తక్కువైనా ఆ ట్రస్టు కోపమే నా మీద పడేది.

నాకు అప్పటికే చెల్లమ్మ పెద్దమ్మ ప్రార్థన మనసులో ఉంది. ఆమె సత్రపట్టిలో ఆసుపత్రి కట్టుగుడ్డలు నేసే షెడ్డులో పని చేస్తుంది. ప్రతి గురువారం పని ముగించుకుని ఆడవాళ్ళం ప్రార్థనకి మా అరుగు మీద కూర్చుంటాం. కూతురికి ఆపరేషన్ అయిన వారం పెద్దమ్మ ఎప్పట్లాగే తమిళంలో మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, ఇంటి మాటలోకి వచ్చేసింది. "సామీ, నా బిడ్డకి కడుపు కోసి కుట్టినారు. నేను నేసిన గుడ్డే దానికి కట్టినారో ఏమో. నీకి కూడా సిలువ మీద పక్కలో పొడిచినారు కద, ఆ నొప్పి నీకి తెలుసు. రాత్రికి దాని పక్కన కొంచేపు కూసో అప్పా." ఆ రోజు అరుగు మీద ఏడవని ఆడది లేదు. నాకైతే దేవుడు మొదటిసారి మా వీధిలోకి వచ్చినట్టే అనిపించింది.

నెలకొక ఆదివారం ఆడవాళ్ళే చర్చిలో ముందు నిలబడి ఇంటి మాటలో ప్రార్థించాలని నేను చెబితే మా ఆయన మొదట నవ్వాడు. తర్వాత అదే రాసి పంపాడు. ట్రస్టు నుంచి వసంతి మేడమ్ ఫోన్ చేసి వివరాలు అడిగితే, జవాబు తెలియక ఫోన్ నాకిచ్చాడు. నేను పప్పు మెదుపుతూనే అన్నీ చెప్పాను. ఫండ్ వచ్చింది. "దేవుడు నాకి చూపించిన దారి ఇది" అని ఆయన చర్చిలో సాక్ష్యం చెబుతుంటే నేను వెనక టీ కాస్తున్నాను. సరే, ఎవరి పేరైతే ఏమి, ఆడవాళ్ళ నోరు తెరుచుకుంటే చాలని సరిపెట్టుకున్నాను. రేపే ఆ మొదటి ఆదివారం. చూడటానికి మేడమ్ వస్తోంది.

"ఎందుకు రావద్దు?" అన్నాను గంజి చేతులతోనే.

"చర్చి కమిటీలో మాట్లాడినాము. అంత పెద్దామె ముందర ఇంటి మాట ఏంది, అసింగంగా, సిగ్గుచేటుగా? ఆడోళ్ళు చెప్పేది అంతా నేను మంచి తమిళంలో మార్చి ఉంచినాను."

"వాళ్ళు ఫండ్ ఇచ్చిందే దాని కోసరం..."

"నాకే చెప్తావా? ఆడోళ్ళు ఒక పాట పాడితే చాలు. నువ్వు బిరియానీ చూసుకో. రేపు ఏమన్నా తేడా వచ్చి ఫండ్ పోయిందంటే నీ వల్లే. ఈ ఇల్లు కూడా కమిటీ ఇచ్చిందే, గుర్తు పెట్టుకో."

లోపల్నించి అత్త, "మొగుడు చెప్పినా పెళ్ళాం చెప్పినా దేవుడికి ఒకటే కద. ఎందుకమ్మా రచ్చ?" అంది. ఒకటే అయితే నేను చెబితే ఏం పోయిందత్తా అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను. మింగడం కూడా ఈ ఇంట్లో నా పనే, దానికీ జీతం లేదు. కోపంతో ఒళ్ళు మండింది. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామన్న భయం ఆ కోపాన్ని నొక్కి కూర్చుంది.

ఆదివారం తెల్లారే బిరియానీకి ఎసరు పెట్టి, ఆరాధన వేళకి దమ్ములో ఉంచి, చర్చిలో తలుపు దగ్గర చాప మీద కూర్చున్నాను. పాస్టరు పెళ్ళాం చోటు అదే, లేచి వంటకి పోవడానికి వీలుగా. చెల్లమ్మ పెద్దమ్మ క్రిస్మస్ చీర కట్టుకుని వచ్చి, చెప్పాల్సిన మాటలు పెదాల మీద తిప్పుకుంటూ నా పక్కన కూర్చుంది. ఆమెకి సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముందు కుర్చీలో వసంతి మేడమ్.

ప్రార్థనల వేళ అయింది. మా ఆయన చదవడం మొదలుపెట్టాడు. శస్త్రచికిత్స పొందిన సహోదరి శరీర బలహీనత నీ చిత్తానుసారంగా తొలగునుగాక, అనే అర్థమొచ్చే బరువైన తమిళం. పెద్దమ్మ నా వైపు వంగి, "ఎవరి కోసరం వేడుతా ఉండాడు పాస్టరమ్మా?" అని గొణిగింది.

"మీ బిడ్డ కోసరమే పెద్దమ్మా."

ఆమె కాసేపు విన్నది. "నేను అడిగింది అది కాదే" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. నాలో భయం అక్కడ తెగింది.

చివర్లో మా చర్చిలో ఎవరికి మనసు కదిలితే వాళ్ళు లేచి బిగ్గరగా ప్రార్థిస్తారు. ఎప్పుడూ మగపెద్దలే లేస్తారు, ఆడవాళ్ళు లేవకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రార్థన మొదలుపెట్టిన మనిషి ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, ఎవరూ అడ్డం పడకూడదు. అడ్డం పడితే దేవుడి చెవి మూసినట్టేనని మా ఆయనే ఎన్నోసార్లు ప్రసంగించాడు.

లేచి నిలబడ్డాను.

"సామీ, నేను అముదాని. నీ బల్ల మీద గుడ్డ ఉతికేదాన్ని. ఇక్కడ ఆడోళ్ళు నీతో మాట్లాడాలని వచ్చినారు. వాళ్ళ మాటలు మా ఇంటాయన మార్చేసినాడు. ఈ ఫండ్ ఇచ్చినామె కూడా ఇక్కడే ఉండాది, ఆమె కూడా విననీ. మా మాటలు మాకి కావాల సామీ."

ముందు నుంచి మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో ఆ ఒక్క శబ్దానికే నేను నోరు మూసుకుంటాను. ఈసారి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని పెద్దమ్మ చెయ్యి పట్టి లేపాను. "ఇప్పుడు చెల్లమ్మ పెద్దమ్మ చెప్తాది, విను" అన్నాను.

పెద్దమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. తర్వాత, "సామీ, నా బిడ్డ..." అని మొదలుపెట్టింది. చాపల మీద నుంచి "అవును సామీ, అవునప్పా" అని ఆడగొంతులు. ఎవరో వెక్కుతున్నారు. వెనక నుంచి బిరియానీ అడుగంటిన వాసన వస్తోంది. మాడనీ అనుకున్నాను. పెద్దమ్మ అయ్యాక, గురువారాలు మా అరుగు మీదకొచ్చే పాండీశ్వరి లేచి, తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి దేవుడికి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మొగుడు మగవాళ్ళ వైపు కళ్ళు మూసుకునే కూర్చుని ఉంటాడు.

అడుగుల చప్పుడు నా చాప దాకా వచ్చి ఆగింది. "చాలు, ముగించు" అని మా ఆయన నా చెవి దగ్గర పళ్ళు కొరికాడు.

మొదలుపెట్టిన దాన్ని నేను. ఆమెన్ అనాల్సింది నేనే.

నేను అనలేదు.