కొండ మీద ఒక ఆకు

హనుమంతుడు కొండనెత్తుకుని ఎగిరే బొమ్మను అత్తగారు చలువరాతి పలక మీద బోర్లించింది. అరచేతికంటే కాస్త పెద్ద కాగితం. వెనకనుంచి గుండ్రాయితో రుద్దితే ముందువైపు రంగులు అణిగి మెరుగెక్కుతాయి. రంగులో జిగురు చాలకపోతే ఆ రంగు కాగితాన్ని వదిలి పలకను పట్టుకుంటుంది. బొమ్మను తిప్పేదాకా సంగతి తెలియదు.

ఆ ఇంట్లో రామాయణం బొమ్మలు వేసేది మామగారు. కోడలు మొదట అంచులు వేసింది, తర్వాత చెట్లు, నీళ్ళు. జిగురు కలిపే పని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఆమధ్య ఆయన పాత బొమ్మ ఒకటి బాగుచేయమని తిరిగొచ్చింది. వారధి కింద సముద్రం పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. కోడలు వేలితో తాకి చూసి, జిగురు ఎక్కువైందని అంది. ఆయనకు ఒళ్ళు మండింది.

"నా జిగురుకే వంక పెడుతున్నావా? అయితే కొండ బొమ్మ మొత్తం నువ్వే వెయ్యి, నువ్వే కలుపు. పలక మీద రంగు కనపడిందో, మళ్ళీ అంచులు గీసుకుంటూ కూర్చుంటావు."

"కనపడకపోతే మామయ్యా?"

"జిగురు డబ్బా నీదే."

ఆమె వేసింది. ఏది సంజీవనో తెలియకే కదా హనుమంతుడు కొండంతా మోసుకొచ్చింది! అందుకని ఒక మొక్కలా ఇంకో మొక్క లేకుండా, ఆకు ఆకూ విడిగా దిద్దింది. పెళ్ళానికీ తండ్రికీ మధ్య నలగడం ఇష్టంలేని కొడుకు, మెరుగు పెట్టే వేళకు చట్రాల పని ఉందని జారుకున్నాడు.

అత్తగారు గొంతు తగ్గించింది. "పైపైన లాగించేయనా? ఆయనకేం తెలుస్తుంది? అక్కడ పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు."

"వద్దత్తయ్యా. మామయ్య బొమ్మలకి ఎలా రుద్దుతారో అలాగే కానివ్వండి."

"వాటికైతే ఆయన మీద కోపమంతా తీర్చుకుంటానే!"

"అంత గట్టిగానే."

అత్తగారు కొంగు బిగించి, మోకాళ్ళ మీద లేచి, ఒళ్ళంతా బరువు వేసి రుద్దింది. పేపరు పేజీ తిరగలేదు. తర్వాత కాగితం కొస పట్టుకుని మెల్లగా లేపింది.

కిరీటం బంగారం తళుక్కుమంది. ఆకాశం గాజులా ఉంది. పలక మీద నువ్వుగింజంత పచ్చ మరక ఉంది.

కోడలు బొమ్మ మీదికి వంగింది. కొండ కొమ్మున ఒక ఆకు సగం చెరిగింది. అత్తగారు గబుక్కున మరక మీదికి కొంగు తెచ్చింది. కోడలు ఆ చేయి పట్టుకుంది.

"వద్దత్తయ్యా, ఉండనివ్వండి. మామయ్యా, ఒకసారి ఇలా రండి."

ఆయన వచ్చాడు. పలక వైపు ఒక్క చూపు చూసి, బొమ్మ ముందు కూర్చుండిపోయాడు. చెరిగిన ఆకు వైపు వేలు చూపించాడు.

"అది నీ ఆకు కాదు."

"మరి?"

"ఇందాక నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేను వేశాను. ఆరినట్టు లేదు."

అత్తగారు మరకను వేలితో తాకింది. తడి అంటింది. "మీ జిగురు కదా, ఎప్పటికి ఆరుతుంది! అయినా పిల్ల బొమ్మలో మీకేం పని? ఖాళీ కనపడిందా?"

"ఖాళీ ఎక్కడ మిగిల్చింది? సందు కోసం కొండంతా గాలించాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇలాంటి కొండ నా చేత ఏనాడూ కాలేదు. ఇంత కొండలో నాది ఒక్క ఆకైనా ఉండాలనిపించింది."

కోడలు చెరిగిన చోట తడిగుడ్డ కొసతో అద్ది, ఆరనిచ్చి, రంగు కలిపిన ఆల్చిప్పను ఆయన ముందుకు జరిపింది.

"వెయ్యండి మామయ్యా. కానీ నా చిప్పలోంచి."

ఆయన ఊపిరి బిగపట్టి ఆకు వేశాడు. లేచి వెళ్ళి, జిగురు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

కొడుకు తిరిగొచ్చి గుమ్మంలోంచి తల దూర్చాడు. "ఏమైంది నాన్నా?"

"ఏమవుతుంది? కొండంతా మీ ఆవిడది. ఒక్క ఆకు నాది. ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం."