కడగని బోటి

ఆదివారం పొద్దున సెంటినరీ కాలనీలో మటన్ దుకాణం ముందు వరుసలో నిలబడి సహస్ర అడిగింది.

"చాచా, కడగని బోటి కావాలె. నట్టలున్నదైతే ఇంకా మంచిది."

అబ్దుల్ వహాబ్ కత్తి పక్కన పెట్టాడు.

"నా దుకాణంల నట్టలా? ఎవరు చెప్పిన్రు?"

"గట్ల కాదు చాచా, పరిశోధనకు."

"పోయిన వారం గట్టయ్యన్న బిడ్డవని వేడినీళ్లల్ల రెండుసార్లు కడిగిచ్చిన. గది నచ్చలేదా?"

వెనకాయన తనకు బోటి వద్దన్నాడు. ఆయన వెనకామె వరుసలోంచి తప్పుకుంది.

"చూసినవా? నా గిరాకి ఖరాబు చెయ్యకు బిడ్డా," అన్నాడు వహాబ్.

సహస్ర వెటర్నరీ కాలేజీలో పరిశోధన చేస్తోంది. మేక కడుపులో ఉండే నట్టలు, అంటే పురుగులు, సక్సినేట్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాన్ని గుర్తుపట్టి కడుపు వాటిని తరిమే పని మొదలుపెడుతుందా అన్నది ఆమె ప్రశ్న. అందుకు బతికున్న నట్టలు, కడుపులోని ద్రవం కావాలి. వేడినీళ్లు పడితే రెండూ పోతాయి. చుట్టుపక్కల మందలన్నిటికీ నట్టల మందు తాపారు. కమాన్‌పూర్‌లో ఎల్లన్న మంద ఒక్కటే మిగిలింది. వహాబ్ మేకలు అక్కడివే. ఇప్పుడు దొరక్కపోతే మళ్లీ వానాకాలం దాకా ఆగాలి.

దుకాణం వెనక బోటి కడుగుతున్న వహాబ్ భార్య సర్వరీ బేగం ఆమెను పిలిచింది.

"నలుగుర్ల గట్ల అడుగుతరా బేటా? బుధవారం పెండ్లి ఆర్డరున్నది. పొద్దుగాల ఎనకకు రా."

బుధవారం వహాబ్ మేకను కోసి, కడుపును రెండు వైపులా దారంతో కట్టి ఇచ్చాడు. సహస్ర దాన్ని ట్రేలో విప్పింది. ఎర్రటి దారపు పోగుల్లాంటివి కదిలాయి. వహాబ్ వంగి చూశాడు.

"యా అల్లా. మాంసంల గూడ ఉంటయా?"

"ఉండయి చాచా. మన కడుపుల బతకవు కూడా."

"గీ ముచ్చట ఆదివారం దుకాణం ముందట చెప్పు. మొన్న అరిచినట్టే గట్టిగ."

"చెప్త."

అతడు ఎల్లన్నకు ఫోన్ చేశాడు. "ఏమయ్యా, మందకు నట్టల మందు తాపు. జల్ది."

"తాపినంక కూడా ఒక బోటి కావాలె చాచా," అంది సహస్ర. "నట్టలు పోతే సక్సినేట్ ఎంత తగ్గుతదో చూడాలె."

"ఉన్నా కావాలె, లేకున్నా కావాలె! మంచి గిరాకివే దొరికినవ్."

సహస్ర ద్రవాన్ని సీసాల్లోకి తీసి ఐసు డబ్బాలో పెట్టింది. కాలేజీకి వెళ్లడానికి కరీంనగర్ బస్సుకు ఇంకా టైముంది. సర్వరీ బేగం చాయ్ పెట్టింది.