మనవాడు దిద్దిన పేపర్లు

మార్కుల కాగితం తలుపుకి అంటించీ అంటించకముందే వరండా నిండిపోయింది.

"ఎఫ్. డి. మళ్ళీ ఎఫ్," పైకే చదువుతున్నాడు క్లిఫ్టన్ బ్లెడ్సో. నల్ల విద్యార్థుల సంఘం నాయకుడతను. "ఏం కాగితంరా ఇది, పాసైనవాళ్ళని భూతద్దం పెట్టి వెతుక్కోవాలి."

వెనక నుంచి తెల్ల కుర్రాళ్ళ గుంపు ఒకటి పకపకా నవ్వింది.

"ఏం బ్రదర్స్! మీ చరిత్ర మీకు చెప్పమని కాలేజీ అంతా మూయించారు కదా. తీరా చెప్తే అందులోనే తప్పారా?"

క్లిఫ్టన్ గిర్రున తిరిగాడు. వెర్లీన్ స్టోక్స్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె పేరు ఎదురుగా కూడా ఎఫ్ ఉంది. ఆమె ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కాగితం కింద ఉన్న సంతకాన్ని మాత్రం చాలాసేపు చూసింది.

ఆ సంతకం అలోన్జో ప్రూయిట్‌ది. ఆ యూనివర్సిటీ మొత్తంలో నల్ల ప్రొఫెసర్ ఆయన ఒక్కడే. వరండా మలుపులో నిలబడి ఆయన ఇదంతా చూశాడు. తెల్లవాళ్ళ నవ్వు కూడా విన్నాడు. గొంతు సవరించుకుని ముందుకు రెండడుగులు వేసి ఉంటే ఆ నవ్వు ఆగేది. ఆయన వెనక్కి తిరిగి, ఊడ్చేవాళ్ళు వాడే మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయాడు.

ఆ మార్కుల వెనక ఒక డిగ్రీ గొడవ ఉంది. అది ఊరికే వచ్చిన మాట కాదు. అమెరికాలో సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఉక్కు మిల్లుల ఊళ్ళో, కిందటి శరత్కాలంలో నల్ల విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. ప్రెసిడెంట్ ఆఫీసులో బైఠాయించారు. లాఠీలు విరిగాయి, తలలు పగిలాయి. మిల్లు కార్మికులు షిఫ్టు దిగి వచ్చి గేటు ముందు నిలబడ్డాక గానీ పెద్దలు దిగిరాలేదు. సరే, ఆఫ్రికానా స్టడీస్ అని నల్లవాళ్ళ చరిత్ర చెప్పే డిగ్రీ ఒకటి పెడదాం, ముందు దాన్ని తయారుచేయడానికి కమిటీ వేద్దాం అన్నారు. ఉద్యమాన్ని చంపాలంటే తుపాకీ కన్నా కమిటీ చవక అని దొరలకి తెలుసు.

కమిటీలో డీన్ విట్‌లాక్, ప్రూయిట్, విద్యార్థుల తరఫున వెర్లీన్, క్లిఫ్టన్. పిల్లలిద్దరూ పని చేసి వచ్చారు. నాలుగేళ్ళలో ఏమేం చదవాలో చెప్పారు. ఆఫ్రికా రాజ్యాలు, బానిస ఓడలు, కరీబియన్ దీవుల్లో తిరుగుబాట్లు, మిల్లుల్లో యూనియన్లు. చివరి ఏడాది ఒక టర్మంతా నల్లవాళ్ళ పేటలోకి పోయి అద్దె ఇళ్ళవాళ్ళ సంఘంతోనో, వైద్యశాలతోనో పనిచేయాలి. ఆఖరి పరీక్ష ముగ్గురు కలిసి పెట్టాలి: ఒక ప్రొఫెసర్, ఒక విద్యార్థి, పేట మనిషి ఒకరు.

డీన్ నవ్వుతూ ప్రూయిట్ వైపు చూశాడు. ఆ చూపు చాలు.

"డిగ్రీ అంటే చర్చి విందు కాదమ్మా, వచ్చినవాళ్ళందరి చేతికీ గరిటె ఇవ్వడానికి," అన్నాడు ప్రూయిట్. "నాణ్యత అనేది ఒకటుంటుంది. దిద్దేది నేనే. నేనొక్కడినే."

"మంచి మాట," అన్నాడు డీన్. "అయితే ముందు ప్రయోగంగా ఒక కోర్సు పెడదాం. దాని ఫలితం చూసి డిగ్రీ సంగతి ప్రొఫెసర్ల సభ తేలుస్తుంది."

చలికాలమంతా ప్రూయిట్ ఆ కోర్సు చెప్పాడు. మనసు పెట్టే చెప్పాడు. దిద్దేటప్పుడు మాత్రం ప్రతి పేపరు మీదా ఆయన భుజం వెనక ఒక తెల్ల ముఖం నిలబడినట్టే ఉండేది. మనవాడని మార్కులేశాడంటారేమో. ఇదీ ఒక చదువేనా అంటారేమో. ఎవరూ వేలెత్తి చూపకూడదు అనుకున్నాడు. ఎర్ర సిరా బలంగా నొక్కి దిద్దాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడు డీన్ ఆయన్ని ప్రొఫెసర్ల క్లబ్బుకి భోజనానికి పిలిచాడు. ఎన్నో ఏళ్ళుగా ప్రూయిట్ అక్కడ కిటికీ పక్కన ఒంటరిగా తినేవాడు. ఆ రోజు నడిమి బల్ల దగ్గర కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టారు.

"అలోన్జో," అన్నాడు విట్‌లాక్. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నిజాయితీ అంటే నీది. ఆ మార్కులు మేం వేసుంటే ఊరు తగలబడేది. నువ్వు వేశావు కాబట్టి ఎవడూ కిక్కురుమనడు. డిగ్రీ అవసరం లేదని నీ అంచనాయే తేల్చేసింది. చరిత్ర శాఖలో ఓ మూలన ఒక కోర్సు పడేద్దాం, నువ్వే చెప్పుకుందువు గానీ."

మన వేలితో మన కన్నే పొడిపించారని ప్రూయిట్‌కి అప్పుడర్థమైంది. నోట్లో మాంసం ముక్క రబ్బరులా ఉంది. ఉమ్మలేడు, మింగలేడు. ఆఖరికి మింగాడు. మింగి ఏమన్నాడో తెలుసా? "థాంక్యూ" అన్నాడు. 

ఆదివారం చర్చి నేలమాళిగలో మీటింగు. నువ్వు వస్తావా, మేమే రావాలా అని కబురు పంపారు. వెళ్ళాడు. మౌంట్ నీబో చర్చి అది. వేయించిన చేపల వాసన, తడి కోట్ల వాసన. విద్యార్థులు, తల్లులు, మిల్లువాళ్ళు, ఆసుపత్రి లాండ్రీ ఆడవాళ్ళు. ఆయన రాగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ కుర్చీ చూపించలేదు.

"నాదొక్క ప్రశ్న సార్," వెర్లీన్ లేచింది. "కిందటేడు మీ ఐరోపా చరిత్ర క్లాసులో కూర్చున్నాను. పుస్తకం సగం చదివాను, మిగతా సగం ఊహించి రాశాను. బి ఇచ్చారు. ఈ కోర్సుకి చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగాను. ముసలాళ్ళ దగ్గర కూర్చుని, దక్షిణాది పత్తి చేలొదిలి ఈ మిల్లులకి ఎందుకొచ్చారో అడిగి రాశాను. ఎఫ్ ఇచ్చారు. ఎందుకు?"

"ఆ క్లాసు వేరు," అన్నాడు ప్రూయిట్. "దాన్నెవరూ శంకించరు. దీన్ని అందరూ శంకిస్తారు. రెట్టింపు బాగుంటే తప్ప మనల్ని నిలబడనివ్వరమ్మా. నేను చేసింది మీ మంచికే."

"మా ఫర్నేసు దగ్గరా ఇంతే," మూల నుంచి ఒక కార్మికుడు గట్టిగా అన్నాడు. "మనవాణ్ణి మొదటిసారి మేస్త్రీని చేశారు. తెల్ల మేస్త్రీకన్నా గట్టిగా తోమాడు మమ్మల్ని, వాడి మేస్త్రీ టోపీ వాడికి మిగలాలని. మిగిలింది. మాకు మాత్రం నడుములు పోయాయి."

నవ్వులు లేచాయి. ప్రూయిట్ తల దించుకున్నాడు. అంతలో వంటింటి గుమ్మంలోంచి హాటీ క్రెన్‌షా వచ్చింది. చర్చి వంటలన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. ప్రూయిట్ ఆమె చేతి మొక్కజొన్న రొట్టె తినని ఆదివారం లేదు.

"బాబూ, పిల్ల పేపరు మీద ఏం రాశావు?"



"ఆధారాలు లేవు అని రాశాడు," అన్నాడు క్లిఫ్టన్. "ఇది చరిత్ర కాదు, ఇంటి కబురు అని కూడా రాశాడు."

"ఆ పిల్ల నా వంటింట్లో కూర్చుని నన్నడిగి రాసింది," అంది హాటీ. "మా నాన్నని ఎట్లా తరిమారో, మేం ఏ రైలెక్కామో అన్నీ చెప్పాను. ఆధారాలు లేవన్నావు. నేను లేనా బాబూ?"



"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా కడుపు నిండుతుందంటారు," అంది ఆమె మళ్ళీ. "మనవాడే వడ్డించాడు. పిల్లల పళ్ళాలు ఖాళీ."

ప్రూయిట్‌కి తల కొట్టేసినట్టయింది. "మార్కులు మారుస్తాను," అన్నాడు గొణుగుతూ. "రేపే మారుస్తాను."

"మార్చండి! మార్చి తీరాలి!" అని కేకలు.

"వద్దు!" వెర్లీన్ గొంతు అందర్నీ మించిపోయింది. "ఈయన దయతలిచి వేస్తే ఆ మార్కులు మనకెందుకు? రేపు ఇంకో దొర తీసేస్తాడు. దిద్దే హక్కు మనది కావాలి. అసలు కమిటీలో మేం అడిగిందే అది. ప్రొఫెసర్ల సభ జరిగే రోజు వాళ్ళ గుమ్మం ముందే మెట్ల మీద పరీక్ష పెట్టుకుందాం. పేటంతా వచ్చి ప్రశ్నలడగాలి. మేం జవాబు చెప్తాం. వచ్చిందో రాలేదో మీరే చెప్పండి."

"సి వచ్చినవాళ్ళ సంగతేంటి? మేం పాసయ్యాం కదా," అన్నాడొక కుర్రాడు.

"ఆ సి పట్టుకుని నువ్వు క్లబ్బుకి పో, భోజనం పెడతారు," అన్నాడు క్లిఫ్టన్. ఆ కుర్రాడు సిగ్గుపడి, "నేనూ మెట్ల మీదే కూర్చుంటా" అన్నాడు.

వెర్లీన్ ప్రూయిట్ దగ్గరికొచ్చింది. "మీరు లోపల ఉంటారు కదా సార్. మీ నోటితో నిజం చెప్పండి. రెండు కొలతలతో కొలిచానని చెప్పండి. అంతే."

ప్రూయిట్ "చూద్దాం" అన్నాడు. అంతమంది ముఖాల ముందు, అంత జరిగాక, ఆ మనిషికి దొరికిన మాట అదొక్కటే.

సభ రోజున హాలు కిటికీలు మూసే ఉన్నాయి, అయినా బయటి గోల వినపడుతోంది. డీన్ లేచి మార్కులు చదివాడు. చదివి, "ప్రొఫెసర్ ప్రూయిట్, ఈ అంచనా మీదే కదా?" అని అడిగాడు.

"నాదే," అన్నాడు ప్రూయిట్ లేచి. కూర్చున్నాడు.

డీన్ ఓటింగుకి పిలవబోతున్నాడు. బయట మెట్ల మీద ఎవరో ప్రశ్న అడిగారు, వెర్లీన్ జవాబు చెప్తోంది. మాటలు తెలియడం లేదు. ఆ యాస మాత్రం తెలుస్తోంది. ప్రూయిట్ తల్లి పొయ్యి దగ్గర మాట్లాడిన యాస అది. ఈ హాల్లో వినపడకుండా ఉండాలని ఆయన తన నాలుక మీద నుంచి ఏళ్ళ తరబడి గీకి గీకి తీసేసిన యాస. పక్క కుర్చీలో ఒక ప్రొఫెసర్ కిటికీ వైపు చూసి మూతి విరిచాడు.

ప్రూయిట్ మళ్ళీ లేచాడు. 

"ఆ మార్కులు నావే, కానీ కొలత ఒకటి కాదు. మీ చరిత్రకో కొలత, వాళ్ళ చరిత్రకో కొలత పెట్టాను. ఐరోపా చరిత్రలో పనికిమాలిన పేపర్లకి బి లు వేశాను. ఇక్కడ మంచి పేపర్లకి ఎఫ్ లు వేసి తప్పించాను. మీరు నవ్వుతారని భయపడి ఆ పని చేశాను. ఆ అంచనా చెల్లదు."

"ప్రొఫెసర్ ప్రూయిట్ బాగా అలిసిపోయినట్టున్నారు," అన్నాడు డీన్ మెత్తగా. "ఓటింగు మొదలెడదాం."

చేతులు లేచాయి. నడిమి బల్ల దగ్గర ఆయనతో కలిసి తిన్నవాళ్ళ చేతులన్నీ లేచాయి. డిగ్రీ పోయింది. శరత్కాలంలో కమిటీలో చెప్పాల్సిన నిజం వసంతకాలంలో చెప్తే ఇంతే అవుతుంది, దానికెవర్నీ అనుకోనక్కర్లేదని ప్రూయిట్‌కి తెలుసు. కోటు తీసుకుని బయటికి నడిచాడు.

మెట్లు కనపడటం లేదు, అంత జనం. చర్చి నుంచి తెచ్చిన మడత కుర్చీలో హాటీ క్రెన్‌షా కూర్చుంది. విద్యార్థులు మెట్ల మీద కింద కూర్చున్నారు. గడ్డి మీద మిల్లువాళ్ళు. వాళ్ళకి ఎదురుగా వరసగా పోలీసులు, ఖాళీ వ్యాన్లు.

"డిగ్రీ లేదన్నారు," అన్నాడు ప్రూయిట్. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరూ లేవనూ లేదు.

"అందరూ ఖాళీ చేయండి!" పోలీసు కెప్టెన్ అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "ప్రొఫెసర్ గారూ, మీరు ఇటు రండి. మీరు వాళ్ళలో వారు కాదని డీన్ గారు చెప్పారు" అన్నాడు.

ఆ మర్యాద చెప్పుదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ప్రూయిట్ వెర్లీన్ పక్కన మెట్టు మీద కూర్చోబోయాడు.

"ఆగు బాబూ," అంది హాటీ. "ఊరికే కూర్చుంటే కుదరదు. ఇక్కడ కూర్చునేవాళ్ళు జవాబు చెప్పాలి. ఈ పిల్లల్ని ఎందుకు తప్పించావు?"

ప్రూయిట్ నిలబడే ఉన్నాడు. జనమంతా ఆయన్నే చూస్తున్నారు.

"సిగ్గుపడి," అన్నాడు చివరికి. "వెర్లీన్ మా అమ్మ మాట్లాడినట్టే రాసింది. ఆ మాట ఈ బిల్డింగులో ఎవరికీ వినపడకూడదనుకున్నాను. మిమ్మల్ని చూసి సిగ్గుపడ్డాను. తప్పించింది పేపర్లని కాదు. మా అమ్మని."

హాటీ జనం వైపు తిరిగింది. "విన్నారుగా. ఏమంటారు? పాసేనా?"

"నిజమే చెప్పాడు," అన్నారెవరో.

"ఆలస్యంగా చెప్పాడు," అంది ఇంకో ఆడమనిషి.

"పాసనీ అనలేం, ఫెయిలనీ అనలేం," అంది వెర్లీన్. ఆమె గొంతులో జాలి లేదు. "మళ్ళీ చదవమనండి." అని కాస్త పక్కకి జరిగింది. మెట్టు మీద ఒక మనిషికి సరిపడా చోటు వచ్చింది. ప్రూయిట్ కూర్చున్నాడు.

పోలీసులు వచ్చి పడ్డారు. క్లిఫ్టన్‌ని ఇద్దరు కాళ్ళు చేతులు పట్టి మోసుకుపోయారు. వెర్లీన్‌ని జుట్టు పట్టి లాగారు. అడ్డం పోయిన ప్రూయిట్ కళ్ళజోడు కింద పడి నలిగిపోయింది. ఆఖరికి హాటీని కూడా కుర్చీలోంచి లేపారు. "చెయ్యి వెయ్యక నాయనా, నాకు నడవడం వచ్చు," అంటూ ఆమె తనే వ్యాను ఎక్కింది.

వ్యానులో ఎవరూ ప్రూయిట్‌తో మాట్లాడలేదు. ఆయనా క్షమాపణ అడగలేదు, అడిగే ముఖం తనకింకా లేదనుకున్నాడు. ఇనప జాలీలోంచి బయటికి చూశాడు. కళ్ళజోడు లేక మెట్లన్నీ మసకగా ఉన్నాయి. ఖాళీ చేసిన చోట్లలోకి గడ్డి మీదివాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి కూర్చుంటున్నారు. మిల్లు టోపీలు, లాండ్రీ గౌన్లు. తెల్లవాళ్ళు కూడా ఒకరిద్దరు.

"ఎవరది ఆ మడత కుర్చీలో?" అని అడిగాడు ఆయన.

"మా అమ్మ," అంది వెర్లీన్. ఆమె పెదవి చిట్లి రక్తం కారుతోంది. "నోర్మూసుకుని వినండి సార్. ప్రశ్న అడుగుతోంది."