నీళ్ళు ఆపిన గులాబీ

మా ఆయన బాలశౌరికి మామిడి తప్ప లోకంలో ఇంకో చెట్టు లేదు. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటలు కౌలుకు తీసుకుని ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. ఆ తెలివి తోటలోనే వదిలేసి ఇంటికి రావచ్చు కదా! రాడు.

మా కోడలు దీవెన జూన్‌లో కాపురానికి వస్తూ, ఉంగుటూరులో వాళ్ళమ్మ పెరట్లోంచి నాటు గులాబీ పిలక తెచ్చి వాకిట్లో నాటింది. వాళ్ళమ్మ సవరమ్మ పోయి అప్పటికి ఆరు నెలలు.

"దీనికి మందులూ మాకులూ ఏం అక్కర్లేదండి అత్తయ్యగారూ. బాగా వేరు పట్టేదాకా నీళ్ళుంటే చాలు" అంది.

వానలకి పొద గుబురుగా లేచింది. నవంబరులో సమాధుల పండగకి ఆ పూలే అమ్మ సమాధి మీద పెట్టాలని పిల్ల ఆశ. మా ఇంటికొచ్చాక నోరు తెరిచి చెప్పుకున్న కోరిక అదొక్కటే.

అక్టోబరులో చాట్రాయిలో మా చెల్లెలు తబితా కాలు విరగ్గొట్టుకుంటే, మూడు వారాలు అక్కడే ఉండిపోయాను. తిరిగొచ్చి చూద్దును కదా, పొద ఆకంతా రాలిపోయి పుల్లలు మిగిలాయి. వాన చుక్క లేదు, కింద మట్టి నెర్రెలిచ్చింది.

"నీళ్ళు పొయ్యలేదా ఏంటే?" అన్నాను. దీవెన మామగారి వైపు చూసింది.

"నేనే వద్దన్నాను. నీళ్ళు ఆపి బెట్ట పెడితే విరగబూస్తుంది. మామిడికి అంతే కదా!" అన్నాడు మా ఆయన గొప్పగా.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిన్నగాక మొన్న నాటిన గులాబీకి బెట్టా? పండగ పది రోజుల్లోకొచ్చింది. ఏం పెడుతుందండీ వాళ్ళమ్మ మీద, ఈ ముళ్ళా?"

ఆయన ముఖం మాడిపోయింది. కోడలికి వంద పూలు పూయించి చూపిద్దామనుకున్నాడట. మామగారి మాటకి ఎదురు చెప్పలేక ఆ పిచ్చిపిల్ల ఊరుకుందట. ఆనాటి నుంచి పొద్దునా సాయంత్రం ఆయనే నీళ్ళు పోశాడు. పొదలో ప్రాణం ఉంది, ఎర్రటి చిగుళ్ళు వేసింది. మొగ్గ మాత్రం లేదు.

పండగనాడు బజార్లో గులాబీలు కొందామన్నాను.

"కొన్నవి వద్దండి అత్తయ్యగారూ" అని దీవెన ఒక చిగురు కొమ్మ తుంచుకుంది.

ఉంగుటూరులో సమాధులన్నీ పూలతో నిండిపోయాయి. సవరమ్మ మీద ఆ కొమ్మ ఒక్కటే. దీవెన కొవ్వొత్తి పట్టుకుని, వెలిగించకుండా అలాగే నిలబడిపోయింది. మా ఆయన చెప్పులు విడిచి వెళ్ళి సమాధి పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"చెల్లెమ్మగారూ, మీ అమ్మాయి తప్పేం లేదండి. నీళ్ళు ఆపింది నేను. పెద్దవాణ్ణని నా మాట కాదనలేకపోయింది. మీ పూలు మీకు రాకుండా చేశాను, క్షమించండి."

ఇంట్లో నా దగ్గర ఒక్కనాడూ తప్పొప్పుకోని మనిషి!

దీవెన భోరుమంది. మా ముందు ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. కాసేపటికి చున్నీతో ముఖం తుడుచుకుంది. మాలో మొదటి కొవ్వొత్తి సొంత మనుషులే వెలిగిస్తారు. దాన్నీ, అగ్గిపెట్టెనీ ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మకి మీరు వెలిగించండి మామయ్యగారూ."

గాలికి మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోదానికి నేను చెయ్యి అడ్డం పెట్టాను.